లోపలి వైపు

నాన్న పోయిన మర్నాడు కాలువ కట్టేశారు.
ఆచంట అవతల, మా రేవులో మోకాలెత్తు బురద,
బురదలో ఒంటి చెప్పు, కొరమీనుల కోసం తడుముతున్న పిల్లలు.
వేషం కట్టినవాడు పోతే
వాడి మొహాన్ని పారే నీళ్లకివ్వాలి, అది మా ఇంటి లెక్క.
నీళ్లు లేవు.
ధవళేశ్వరంలో గేట్లెత్తేదాకా
కాళికమ్మ మా గాదె కింద పడుకుంది,
గోనెసంచి కప్పుకుని, నాలుక బయటపెట్టి.

ముప్పై రెండు జాతర్లు మోశాడు గెద్దాడ ముసలయ్య.
పగలు కొబ్బరికాయల ఒలుపు, వెయ్యికింతని.
ఆ ఒక్క రాత్రి మాత్రం
డోలు మీద మొదటి దెబ్బ పడగానే
"ఒరే ముసలిగా" అని పిలిచే కామందులు
గోడలకి అంటుకుని దారిచ్చేవారు.
నిమ్మకాయలు కోసేవారు, సాంబ్రాణి పొగేసేవారు.
అమ్మ అరుగు మీంచి ఆయన కాళ్లే చూసేది:
ఎడమ మడమ పగులు, దాన్లో దిగిన పసుపు.
దేవతని కాళ్లని బట్టి పోల్చుకునేది ఊళ్లో తనొక్కతే.

ఆడవాళ్లు దాని లోపలి వైపు చూడకూడదన్నారు.
చూశాను.
వైశాఖం మధ్యాహ్నం, అందరూ నిద్దరోతుంటే, బోర్లించి.
బయట ఎరుపు, కోరలు, ఉరిమే కళ్లు.
లోపల ఉత్త పొణికి కర్ర.
చెమట నల్లగా ఇంకిన నుదురు.
ముక్కుకో గుంట, కాస్త కుడికి వంకర,
చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డప్పటి వంకరే.
పళ్లతో కరిచిపట్టే అడ్డపుల్ల మీద
ఒక పన్ను గాటు లేదు.
బయటంతా అమ్మవారు.
లోపలంతా నాన్న, తిరగేసి.

రాజమండ్రి నించి ఒకాయన కారులో వచ్చాడు.
గోడకి పెట్టుకుంటానన్నాడు, పాతికవేలన్నాడు.
చేతిలో బొమ్మల పుస్తకం.
ఒక పేజీలో ఎండిన కొండచరియ,
మాలీ అనే దేశం, డోగన్లనే మనుషులు.
నిలువెత్తుని మించిన చెక్క మొహాలు కట్టుకుని
పోయినవాళ్లని ఊరు దాటించి సాగనంపుతారట.
"తర్వాత వాటినేం చేస్తారండీ?"
"పాతబడితే గుహల్లో వదిలేస్తారు. చెదలు తినేస్తాయి,"
నాలిక చప్పరించాడు, అయ్యో అన్నట్టు.
నాకేమో
ఎరగని ఆ ఊళ్లో ఎవరో మేనత్త ఉన్నట్టనిపించింది.
"గోడకి పెడితే లోపలి వైపు గోడకేసే ఉంటుంది కదండీ,
ఇక దాన్నెవరు చూస్తారు?"
ఆయనకి అర్థం కాలేదు.
మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

ఆ రాత్రే గోనె ఎత్తితే చెంప మీద మట్టి గీత.
చెదలు.
కిరసనాయిలు బుడ్డి తెచ్చాను, మూత తీశాను,
మళ్లీ పెట్టేశాను.

జ్యేష్ఠంలో కాలువ వచ్చింది.
ముందు నురగ, వెనక తూటికాడ, ఆ వెనక నీళ్లు.
కాళికమ్మకి అప్పటికి ఒక కోర లేదు, సగం నవ్వు లేదు.
చేతిలో అప్పడమంత తేలిక.
వదిలితే మునగలేదు. బోర్లా పడి,
లోపలి గుంట ఆకాశానికి పట్టి
మలుపుదాకా వెళ్లి గుర్రపుడెక్కలో చిక్కుకుంది.

వడ్రంగి కొమ్మోజు సోమలింగంగారు గడకర్రతో నెట్టొచ్చారు.
చేతులు తుడుచుకుని జేబులోంచి తాటాకు తీశారు.
"వచ్చే జాతరకి కొత్తది చెక్కాలి. కొలతెవరిది?"
ఇంట్లో మగపిల్లలు లేరని ఆయనకి తెలుసు.
నేనేమీ అనలేదు.
"ఆయ్, గడ్డం కాస్త ఎత్తమ్మా," అన్నారు.
తాటాకు అంచు గరుకుగా,
చెవి నించి చెవి దాకా.