పాలపొడి డబ్బా

ఆ ఆగస్టులో
రొట్టెల వరుస బేకరీ దగ్గర మొదలై
మసీదు గోడ మలుపు తిరిగి
మా కారు దాకా వచ్చింది.
ఖుబ్బూసు కట్ట నిన్న ఇంత, ఇవాళ అంత.
ఎంత అని అడిగితే
అడిగిన పాపానికి ఇంకో నూరు ఫిల్సులు.

బాబా రొట్టె కోసం దిగలేదు.
"జహ్రా వైపు పోనీ" అన్నాడు.
నా పక్క సీట్లో ఆయన కూర్చోవడం అదే మొదలు.
ఎప్పుడూ వెనకే, ఎప్పుడూ పేపరే.
ఈసారి ఒళ్ళో మామా గాజుల మూట,
కాళ్ళ దగ్గర ఖాళీ పాలపొడి డబ్బా.
డబ్బా ఎందుకో నేనడగలేదు.

రేడియేటర్లు బాగుచేసే కొట్టు.
సగం దించిన షట్టరు కింద వంగి దూరాం.
అబూ తలాల్ కి ఒక కంట్లో పువ్వు.
నూనె గుడ్డలో చుట్టి తెచ్చి
పురిటి బిడ్డను చూపించినట్టు
ముందు మొహం ఒక్కటే తెరిచాడు.

నల్లగా, నా అరచెయ్యంత.
పిడి మీద ఎవరిదో పేరు
మేకుతో గోకేసిన గుర్తు.

పొద్దున మూడు వందలట.
మధ్యాహ్నానికి నాలుగున్నర.
బాబా గొంతు చేపల మార్కెట్ గొంతయింది,
పాతది అన్నాడు, తుప్పు అన్నాడు,
లేచి షట్టరు దాకా పోయి తిరిగొచ్చాడు.
"మొన్నొస్తే రెండుకే ఇచ్చేవాణ్ణి" అన్నాడు కొట్టువాడు,
"మొన్న నీకు దీంతో పనేముంది?"

తూటాలది వేరే లెక్క.
పెట్టె లేదు, విడిగానే.
ఒక్కోటి ఒక పాలపొడి డబ్బా ధర.
పన్నెండడిగితే ఏడు పెట్టాడు.
"మిగతావి?"
"మిగతా జనం లేరా ఊళ్ళో?"

గాజుల్ని చెవి దగ్గర మోగించి చూసి
సగం ధర కట్టాడు.
ఊరంతా అమ్ముకుంటుంటే
బంగారం దిగింది, ఇనుము ఎక్కింది.

చేతులు చెమటపట్టి
నోట్లు నన్ను లెక్కపెట్టమన్నాడు బాబా.
పచ్చ రబ్బరు బ్యాండు గుర్తుపట్టాను.
మే, జూన్, జూలై.
ఒకటో తారీఖున దాన్ని నాకు చూపించి
బుక్రా అని మళ్ళీ జేబులో పెట్టుకున్న కట్ట.
ఒకసారి తప్పు లెక్కపెట్టాను.
మళ్ళీ మొదట్నించి.

"నువ్వు పేల్చగలవా?" అన్నాడు బాబా.
"మంచె మీద వడిసెల తిప్పాను,
జొన్న చేలో, పిట్టల్ని తోలడానికి."
వడిసెలకు అరబీ మాట తెలీక
తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించాను.
కొట్టువాడు పడీపడీ నవ్వాడు.
రాయికి ఎవరూ డబ్బులడగరని
చెబుదామనుకున్నా,
దానికీ మాటలు చాలలేదు.

కువైటీ అయితే దించి వెతుకుతారు,
హిందీ అయితే పొమ్మంటారు.
ఆ సంగతి నాకంటే ముందే బాబాకు తెలుసు.
డబ్బా అడుగున అది, దాని మీద గుడ్డ,
గుడ్డ మీద రెండు గుప్పెళ్ళ పిండి.
ఆయన సందుల్లో నడిచి వస్తానన్నాడు.
పోతూ పోతూ కిటికీలోంచి వంగి
ముందు సీట్లో డబ్బాకి
బెల్టు పెట్టాడు.

చెక్‌పోస్టు కుర్రాడికి మీసం సరిగ్గా రాలేదు.
తుపాకి వాడి భుజాన్ని ఓ పక్కకి లాగుతోంది.
"పాలా?"
"పాలే."
"మాకూ దొరకట్లేదు."
పెదాలు పగిలి ఉన్నాయి.
అడుగుతాడనుకున్నాను.
అడిగితే ఇచ్చేసేవాణ్ణేమో కూడా.
"రూహ్" అని చెయ్యి ఊపాడు.

తెల్లారి పెంచలమ్మ టీకి డబ్బా దించి
చెవి దగ్గర పెట్టి ఊపింది.
"ఏందన్నా, పొడి గడ్డ కట్టిందే?"
"అది మనది కాదు. పైన పెట్టు."
నా మొహం చూసింది,
రెండు చేతులతో పెట్టింది.

అరలో డబ్బాలు మూడు,
మూడింటి మీదా ఒకటే బొమ్మ.
ఏది పాలో ఇద్దరికీ తెలుసు.
అయినా ఆ నెలంతా
టీ నల్లగానే తాగాం.