పోల్సుకోడం

ఒలే తవుడమ్మా, తట్ట ఇలాగ జరుపు, సెప్తాను.
శుక్రారం రేత్రి ఇసాపట్నంలో ఇమానం ఎక్కినాం,
సోమారం పొద్దుటికి మల్లీ పలాసలో ఉన్నాం.
మజ్జిన ఉన్నది శనారం, ఆదోరం. అంతే.
మిషను కొండానికి షావుకారు, తోడుకి షావుకారమ్మ,
పప్పు ఇరిగిందో నేదో సూడ్డానికి నాను.
"నీ కంటికి తెలిసినట్టు నాకు తెల్దు రాజులమ్మా" అన్నాడు.
ఇరవయ్యేళ్లలో ఆయన నన్ను పేరెట్టి పిల్సింది అదే మొదులు.

పాస్‌పోర్టు ఆఫీసులో గాజుపలక మీద ఏలెట్టమన్నారు.
పడనేదు. సబ్బెట్టి కడిగినాను, పడనేదు.
సొన తినీసిన ఏళ్లు గదా,
రేసను డిపో కాడా అంతే.
"నీకు ఏలిముద్రల్నేవమ్మా" అంటాడు ఆ గుంటడు,
నానేదో ఎక్కడో పారీసుకున్నట్టు.

దేశం పేరు వియత్నాం. ఊరి పేరు నా నోటికి తిరగదు.
రోడ్డు నిండా మోటారు సైకిళ్లే, సీమల బారునాగ.

శనారం మజ్జాన్నం మిషను కాడికి ఎల్లినాం.
ఇటు గింజలు పోస్తే అటు పప్పు రాల్తంది.
దోసిట్లో పోసుకుని సూసినాను,
ఎలుగులో పెట్టి సూసినాను.
నూటికి నాలుగు బద్దలు.
మన బల్ల మీద ఎనిమిది ఇరుగుతాయి,
నీ సేతిలో అయితే పది, కోప్పడకు.
"ఎలాగుంది?" అన్నాడు.
"బాగుంది బాబూ" అన్నాను. ఏటి సెయ్యను,
పప్పు అబద్దం ఆడదు గదా.

సాయంత్రం సంతలో తప్పిపోనాను.
షావుకారమ్మ గొడుగు బేరం ఆడతంటే
నాను ఎండుసేపల కాడ ఆగిపోనాను,
అచ్చం మన బారువ రేవు వాసన.
తిరిగి సూస్తే గొడుగూ నేదు, ఆయమ్మా నేదు,
వోన మాత్రం వొచ్చీసినాది.
ఓటేలు సీటీ మంచం మీద ఒగ్గీసినాను.
నా ఫోన్లో సిమ్ముకి ఆ దేశం తెల్దు.
గోడవార నిల్సున్నాను.
ఏడుపు రానేదు గానీ సిగ్గేసింది,
యాబయ్యేళ్లదాన్ని, బడి కాడ మరిసిపోయిన పిల్లనాగ.

ఒక ముసల్ది, మూకుడు బోర్లించినట్టు టోపీ,
గిన్నిల్లో నూడిల్సు అమ్ముకుంటంది.
ఎర్ర ప్లాస్టిక్కు పీట తుండుతో తుడిసి నా ఎనక పెట్టినాది.
గిన్ని సేతికిస్తా నా ఏళ్లు సూసినాది.
సూసి, ఆగిపోనాది.
తన సేతులు సాపినాది.

ఒలమ్మో, అవే ఏళ్లే!
గోళ్ల సందుల్లో అదే నలుపు,
బొటనేలి మీద అదే పొక్కు మచ్చ.
గాల్లోనే గింజెట్టి, గాల్లోనే కత్తెత్తి
"టక్" అంది.
నానూ "టక్" అన్నాను.
పక్కన తినీవోల్లు మమ్మల్ని పిచ్చోల్లనుకున్నారు గావాల.

బల్ల కింద డబ్బా తీసి నా ఏళ్లకి నూనె రాసినాది,
ఒక్కో ఏలూ పట్టుకుని, బేగి నేకుండా.
ఆముదం కాదది, కొబ్బరీ కాదు.
నా సెయ్యి ఇంకొకలు అలాగ పట్టుకుని ఎన్నేళ్లయిందో
లెక్కెయ్యబోయినాను, అందనేదు.

మనవడు బండెక్కించుకుని ఓటేలు ఓటేలుకీ తిప్పినాడు.
ఇది కాదు. ఇదీ కాదు. నాలుగోది.
డబ్బులిస్తే సేతులు ఎనక్కి దాసీసుకున్నాడు.
కొంగు ముడిలో మన పలాస పప్పు గుప్పెడుంటే
ఆడి జేబులో పోసీసినాను.
జీడిపప్పు దేశానికి జీడిపప్పు! నవ్వకే.
ముసిల్దాని పేరడగనేదు.

వొచ్చే నెల్లో మిషను దిగుతాది.
నన్ను దాని కాడ కూకోబెడతానన్నాడు,
మిమ్మల్నేటి సేస్తాడో సెప్పనేదు.
నానడగనేదు. తిట్టు, పడతాను.

రేత్రి పడుకుంటే ఒకటే తోస్తంది.
సొన అంటకపోతే ఏడాదికి ఏళ్లు తెల్లబడిపోతాయి,
రేసను మిషను నన్ను గుర్తుపట్టీస్తాది.
ఆయమ్మ ఎలాగ పోల్సుకుంటాది?