పాత మాట

నెల సెలవయ్యాక, పలాస జీడి ఫ్యాక్టరీ ఆఫీసులో
నా వేళ్ళు మాట మరిచాయి.

కాశీబుగ్గ నుంచి గౌరీశు వచ్చాడు, పెన్‌డ్రైవ్ ఊపుకుంటూ.
"ఏటుంది మేడమ్, రెండు నిమిషాలు."
కొత్త పాస్‌వర్డ్ పెట్టాడు. తెర తెరుచుకుంది.

బ్యాంకు తెరుచుకోలేదు. జీఎస్టీ, కరెంటు బిల్లు, ఏవీ.
దాచుకున్న పాస్‌వర్డులు లోపలే ఉన్నాయట,
చదవడానికే రావట.
కాల్చకుండా కొట్టిన పిక్క:
పప్పు దక్కలేదు, చేతికి జీడి అంటింది.

"తాళం మార్చీసినాను గానండి,
లోపలి పెట్టె పాత మాటే ఇంటాది."

అర్ధరాత్రి కుళాయి కింద బిందె నిండుతుంటే గుర్తొచ్చింది:
మా పాపకి
నన్నెవరూ పెట్టనివ్వని పేరు.

పొద్దున్నే కొట్టాను.
తప్పు, అంది తలుపు.

దాని వెనక చీకట్లో పెట్టె మాత్రం
ఆ పేరే పిలుస్తారని
చెవొగ్గి ఉంది.