సున్నా కింద

డులూత్‌లో ఫిబ్రవరి. లైబ్రరీ బేస్‌మెంట్‌లో
ఒక మడత బల్ల, అరువు తెచ్చిన ప్రింటర్,
నా మెడలో ‘ఉచిత సహాయం’ అట్టముక్క.
ముప్పయ్యొక్కేళ్ళు సిటీ బస్సుల కింద పడుకుని
నట్లు బిగించిన చేతులు
ఇప్పుడు జనం జీతాల చీటీలు విప్పుతున్నాయి.

ఆమె పేరు రొవేనా లిండ్‌క్విస్ట్.
వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే పని.
బూట్ల మంచు కరిగి కుర్చీ కింద మడుగు కట్టేదాకా
ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది:
“క్రెడిట్ అంటే నాకు భయం వెర్లిన్.
ఆ పేరుతో వచ్చిన కార్డొకటి
నాలుగేళ్ళుగా నా వంటింట్లో కూర్చుని తింటోంది.”

ఇది అప్పు కాదు, జమ.

పెన్సిల్ తీశాను.
నీకు పడే పన్ను ఎనిమిది వందలనుకో.
వెయ్యి డాలర్ల మినహాయింపు వస్తే
లెక్కకొచ్చే ఆదాయంలోంచి వెయ్యి తగ్గుతుంది,
పన్నులోంచి కాదు;
పదిశాతం మెట్టు మీదున్నదానివి, నీకు మిగిలేది వంద.
అదే వెయ్యి డాలర్ల క్రెడిట్ అయితే
నేరుగా పన్ను మీదే చెయ్యి వేస్తుంది.
ఎనిమిది వందలూ ఊడ్చేస్తుంది.

“మరి మిగిలిన రెండు వందలు?”

ఈ ప్రశ్న కోసమే నేను ఏటా ఈ మెట్లు దిగుతాను.

కాగితం అంచున థర్మామీటర్ గీశాను.
ఈ ఊరివాళ్ళకి సున్నా అడుగు కాదని వేరే చెప్పాలా,
పొద్దున పందొమ్మిది కిందికి పోయింది.
కొన్ని క్రెడిట్లు సున్నా దగ్గరే గడ్డకడతాయి,
మిగిలింది నీ చేతికి రాదు.
కొన్ని మాత్రం దాటి దిగుతాయి.
దిగిన ప్రతి గీతా నీకు చెక్కు.

ఆమె ఆ గీతల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

పిల్లాడు ఏడాదిలో సగానికి పైగా నీ దగ్గరే ఉన్నాడా?
ఫారం అడుగుతోంది, నేను కాదు.
“వాడి సాక్సులున్నాయి, పన్నెండు నెలలూ, నా సోఫా కింద.”
మొదటిసారి నవ్వింది.

జీతమే అంతంత మాత్రం, పన్నే పడదు కదా అని
ఇన్నేళ్ళూ ఫారమే నింపలేదట.
మూడేళ్ళ వరకు వెనక్కి వెళ్ళి అడగొచ్చన్నాను.
అంతకు ముందువి పోయినట్టే.
ఆ మాటా చెప్పాను. ప్రింటర్ ఒక్కటే చప్పుడు చేసింది.

సంతకాలయ్యాక ఫారం కాపీ బల్ల మీదే మరిచి,
పెన్సిల్ బొమ్మ చింపుకుని
కోటు లోపలి జేబులో దాచుకుని వెళ్ళింది.

కాపీ పట్టుకుని మెట్లెక్కాను.
పార్కింగ్‌లో ఆమె కారు దగ్గి దగ్గి ఊరుకుంటోంది.

బానెట్ ఎత్తమన్నాను.