ఆధారపడినవారు

కార్డు మీద పేరు నాది.
పెనుమాల రూతమ్మ, రొయ్యల ఫ్యాక్టరీ, ఒలిచే సెక్షను.
కింద చిన్నక్షరాల్లో
ఆధారపడినవారు: భర్త, ఏసుపాదం.
ఆ మాట నాలుగుసార్లు చదివాను బస్సులో,
ఉండి దాటి భీమవరం వచ్చేదాకా.
పక్కసీట్లో ఆయన కిటికీకి తల ఆనించి
వణికే చేతుల్ని తొడల కింద దాచుకున్నాడు,
పలక పగలగొట్టుకున్న పిల్లాడిలాగ.

మూడో అంతస్తులో మందు మాన్పించే వార్డు.
కింద ఇన్సూరెన్సు కౌంటరు.
మెడలో బిళ్ల, దాని మీద ప్రసన్నలక్ష్మి అని పేరు,
నా కార్డుని అటూ ఇటూ తిప్పి
"మందులకి వస్తాదండి, మందుకి రాదు" అంది.
అనేసి, తనే నాలిక్కరుచుకుంది.
నవ్వొచ్చింది నాకు. ఈ ఏడాదిలో మొదటిసారనుకుంటా.

రూల్సు చెప్పింది. పాపం, మెల్లగానే చెప్పింది.
కాలేయం చెడితే ఇస్తారట.
పొట్టలో నీరు చేరితే తీయించడానికి ఇస్తారట.
రక్తం కక్కితే ఐసీయూకి రోజుకింతని ఇస్తారట.
గ్లాసు కింద పెట్టించడానికి మాత్రం
పైవాళ్లనడగాలట, మనసు జబ్బుల కింద రాసి.
మా చెరువు గట్ల సంగతీ ఇంతే.
తెగాక ఇసక బస్తాలకి బిల్లు పాసవుద్ది,
ఎండ్రకాయ బొక్క పూడుస్తానంటే
ఎవడిస్తాడు రూపాయి?

ఎన్నేళ్లుగా తాగుతున్నారు?
ఒకటే ప్రశ్న, రెండు కాగితాల్లో.
పైన డాక్టరు, "నిజం చెప్పమ్మా, డోసు దాన్నిబట్టే" అన్నాడు.
కింద ప్రసన్నలక్ష్మి పెన్నాపి, గొంతు తగ్గించి
"రెండేళ్లని రాయనా? పాలసీకి మూడేళ్లు నిండాయి కదండి" అంది.

పదకొండేళ్లు.
పదకొండుని రెండు చెయ్యడం నాకు రాని పనేం కాదు.
తల తుంచి, పొట్టు తీసి, నల్ల నరం లాగి
కిలో రొయ్యల్ని అరకిలో చెయ్యడమే కదా నా ఉద్యోగం.
కానీ ఏవి తీసి గంపలో పడెయ్యను?
ఏరియేటర్ల కాపలాకెళ్లి, రాత్రి చలికని
మూత తిప్పిన మొదటి ఏడా?
తెల్లమచ్చ తగిలి చెరువంతా తేలిపోయి
రైతు ఆర్నెల్ల జీతం ఎగ్గొట్టిన ఏడా?
కాలవ కట్టేసిన వేసవిలో
అడుగు బురదలో సీసాలు బయటపడితే
పిల్లలంతా ఏరి అమ్ముకుంటుంటే
"ఇవి మా నాన్నవి, ఇటేపు రావద్దు" అని
మా చిన్నోడు హద్దు గీసిన ఏడా?

పదకొండే రాయమన్నాను. రెండు చోట్లా.
ఆ అమ్మాయి కాసేపు నన్ను చూసి, రాసింది.
"క్వెరీలొస్తాయండి మరి."
వచ్చాయి. మూడుసార్లు.
ఒకసారి ఆయన సంతకం మొదటిదానిలా లేదని.
వణుకు తగ్గింది కదండి, అన్నాను. నమ్మడానికి ఇంకో కాగితమడిగారు.

తొమ్మిదోరోజు ఫోన్లో మెసేజి.
చిన్నోడు కూడబలుక్కుని చదివాడు.
ఇరవై ఎనిమిది రోజుల్లో ఏడింటికి ఒప్పుకున్నారు,
సెలైను బాటిళ్ల రోజులకి.
కుర్చీలో కూచోబెట్టి మాట్లాడించే ఇరవై ఒకటీ నావి.
కిలోకి పద్దెనిమిది చొప్పున ఎన్ని కిలోలో
వేళ్ల మీద లెక్కెయ్యబోయాను.
ఐసులో నాని మొద్దుబారిన వేళ్లు,
ఏది లెక్కయ్యిందో ఏది కాలేదో తెలీలేదు.

ఆదివారం వెళ్తే బత్తాయి తీసుకున్నాడు నా సంచిలోంచి.
ఒలుస్తానన్నాను. వద్దని తలూపాడు.
గోరు దిగలేదు, పళ్లతో కొరికాడు,
రసం చొక్కా మీద కారింది,
నాలుగు తొనలు విడదీసేసరికి పావుగంట.
నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూచున్నాను.
అలా కూచోడం నాకలవాటు లేదు.
మొదటి తొన నాకిచ్చి
"కార్డు మీద నన్నేవని రాశారే?" అన్నాడు.
చెప్పాను.
"సరిగ్గానే రాశారు" అని పిక్కలు ఊశాడు.

తిరిగొచ్చే బస్సులోంచి చూశాను,
కాలవకి నీళ్లొదిలారు.
ఎర్రగా, చెత్త తోసుకుంటూ
ఉండి లాకుల దాకా వచ్చాయి.
మాది శివారు.
మా ఊరికింకా రాలేదు.