మోచేతి కొలత

హాలియాల నా దుకాణం.
వలలు, దారాలు, బెండ్లు, సీసం గుండ్లు,
రేకు చేపలు కూడ పెట్టిన ఈ నడుమ,
తళతళమంటయి, తోకకు మూడు కొండ్లు.

మర్రిగూడ దిక్కునుంచి వచ్చిండు మట్టయ్య
మాపటి బస్సుకు.
రుమాలు ఇప్పితే అండ్ల అరవై గ్రాముల రేకు చేప.
"దీన్ని ఇసిరే కట్టె కావాలె.
వైజాగ్ కాలనీ కాడ వాలుగలు నడిమినే తిరుగుతున్నయి,
ఒడ్డుకు రమ్మంటే వస్తయా?"

మొదటిది తీసిన. శానా బిగువు.
కొసకు తూకం రాయి కట్టి ఏలాడదీసిన.
యాభై గ్రాములు: కదలలే.
వంద: జరంత తలూపింది,
బాకీ అడిగితే మా మరిది ఊపినట్టు.
"ఇది వంగదు. వంగనిది ఇసరదు" అన్న.

రెండోది బెత్తం లెక్క సన్నం.
యాభైకే నేలను మొక్కింది.
"దీంతోని అరవై ఇసిరితే
రేకు నీళ్లకు వోదు, నీ చెవికొస్తది."
నవ్విండు. పండ్ల మీద గోధుమరంగు గీతలు,
ఆ దిక్కు మనుషులందరికీ ఉండేటియే.

మూడోది తొమ్మిదడుగులు.
రాయి కట్టంగనే మెల్లగ వంగింది, నడుం దాకా,
ఇప్పంగనే టప్పున లేచి నిలవడ్డది.
కొస ఇంకా వణుకుతనే ఉన్నది.
మట్టయ్య దాన్నే చూసిండు శానాసేపు.
గంత సులువుగ లేచుడు
వాళ్లింట్ల ఎవ్వరికీ రాదు.

పట్టుకోమన్న. అప్పుడు కనవడ్డది:
కుడి మోచెయ్యి సాపుగ రాదు.
బోరు నీళ్లు తాగి తాగి
పదేండ్ల వయసులనే కొడవలి తీరు ఆగిపోయిందట.
కట్టె మడమ పోయి పక్కటెముకకు గుచ్చుకుంటున్నది.
కంపెనోడు కొలిచింది
ఎవరి చేతులో.

రంపం తెచ్చిన.
మోచేతి మూల నుంచి అరచెయ్యి దాకా టేపు పెట్టి
ఆరించులు కోసిన.
ఎనుక తేలికైతే ముందుకు తూగుతది గదా,
రెండు సీసం గుండ్లు కూరి
రబ్బరు బిరడ కొట్టిన.

దుకాణం ఎనుక కోసిన వరిమడి, ఆ అవుతల ఎడమ కాలువ.
కొండ్లు ఊడదీసి ఇచ్చిన.
చెయ్యెత్తలే మట్టయ్య.
గడ్డిమోపు బండిమీదికి ఏసినట్టు
నడుంతోని తిప్పిండు.
రీలు కూతవెట్టింది.
రేకు పోయి పోయి దుడ్డె పక్కన పడ్డది,
అది ఉలిక్కిపడి మమ్ములనే తిట్టినట్టు చూసింది.
"నా అంగలు పొట్టియి, నువ్వే కొలువక్కా" అన్నడు.
డెబ్బై ఆరు.

ధర కాడ లొల్లి.
కోసిన ముక్క పైసలు తగ్గియ్యమన్నడు.
కోసినందుకు నాకే కూలి రావాలన్న.
రెండు వందల కాడ ఇద్దరం అలిసిపోయినం.
బస్సు కిటికీలకెల్లి కట్టె కొస బయటికొచ్చి
మూలమలుపు దాకా ఊగుకుంట పోయింది.

చేప పడ్డదో లేదో నాకైతే చెప్పలే.
వారానికి ఫోన్ చేసిండు:
"రేకు రాళ్లల్ల తట్టుకుని తెగింది,
ఇంకోటి పంపు. నీలం రంగుది."

ఆరించుల ముక్క తూకం రాళ్ల పక్కనే ఉన్నది.
ఇప్పుడు ఎవరొచ్చి కట్టె అడిగినా
ముందుగాల్ల చెయ్యి సాపమంటున్న.
"జాతకం చెప్తవా అక్కా?" అని
అరచెయ్యి తెరుస్తరు.
నేను మోచెయ్యి చూస్త.