వాకిలి ఎటు?

ఇళ్ళు లాగడం నా పని.
నవ్వకండి. మా చిలోయే దీవిలో ఇంటికి పునాది ఉండదు,
రాళ్ళ మీద కూర్చుంటుంది, అలసిన గొర్రెలా.
చోటు మారాలంటే మనిషితో పాటు ఇల్లే మారుతుంది.
కింద దుంగలు, ముందు ఎద్దులు, చుట్టూ పొరుగువాళ్ళు.
అఖాతం అడ్డొస్తే నీళ్ళలోకి తోసి
మరపడవకు కట్టి లాక్కుపోతాం.
కూలి లేదు. సాయంత్రం కడుపునిండా తిండి, అంతే.
దాన్ని మింగా అంటాం.

ఇప్పటికి ఇరవై మూడు ఇళ్ళు దాటించాను.
అందరికీ ఒకటే మాట చెప్తాను:
"తేలిగ్గా ఉండాలి. నాకు అబద్ధం చెప్పొచ్చు,
నీళ్ళకి చెప్పలేరు."

అయినా చెప్తారు.
బడిపంతులు బర్రియా అటక మీద పుస్తకాలు దాచాడు.
నడి అఖాతంలో ఇల్లు ఒక పక్కకి
చెవిపోటు వచ్చినవాడిలా తల వంచింది.
కొత్త పెళ్ళికొడుకు ఎలియోదోరో
బీరువా తీయనన్నాడు, మామగారిచ్చిందట.
బీరువా ఇప్పుడు చేపలది.
ఏది ముఖ్యమని అడిగితే ఎవరూ చెప్పలేరు.
ఏది మునిగితే ఏడుస్తారో
మునిగాకే తెలుస్తుంది.

ఎర్మెలిందా గ్వెంతెయో మాత్రం వేరు.
అరవై ఏడేళ్ళు. పొద్దున్నే నేను వెళ్ళేసరికి
మంచాలు బయట. కుట్టుమిషన్ బయట.
మొగుడి పటం కూడా బయటే,
బంగాళాదుంపల బస్తాకి ఆనుకుని
ఎద్దుల వంక చూస్తూ.
ఇనప పొయ్యి దగ్గర ఆగుతుందనుకున్నా.
మా వైపు ఆడవాళ్ళు ప్రాణమైనా వదులుతారు, పొయ్యి వదలరు.
"నలుగురు పట్టండి, తలుపు గీసుకుంటే ఊరుకోను" అంది.
ఇంట్లో మిగిలింది మసి వాసన, ఆమె.
తర్వాత ఆమె కూడా దిగిపోయింది.

పోటు మీద దాటించాం. బెండులా తేలింది.
అవతల ఒడ్డున పదహారు ఎద్దులు గుట్ట మీదికి లాగాయి.
దుంగలు తీసేముందు అలవాటుగా అడిగాను:
"వాకిలి ఎటు?"

అప్పుడు ఆగిపోయింది.

అరవైమంది. చేతుల్లో మోకులు, పొట్టల్లో ఆకలి.
గుంటలో కాలిన రాళ్ళ మీద ఆల్చిప్పలు నోళ్ళు తెరుస్తున్నాయి.
ఒక ఎద్దు పేడ వేసింది. ఎవరూ నవ్వలేదు.
ఆమె ఇంటి చుట్టూ తిరిగింది, ఒకసారి, రెండోసారి,
సంతలో ఆవుని చూసినట్టు.

"తూర్పుకి పెట్టు, సముద్రం కనబడుతుంది."
"దక్షిణానికి, రోడ్డుంది, బస్సు దొరుకుతుంది."
"పడమరైతే కొండ కాపు, గాలి రాదు."
ఉత్తరం మాట ఎవరూ ఎత్తలేదు.
మాకు వాన ఉత్తరం నుంచే వస్తుంది, అడ్డంగా, పళ్ళు కొరుకుతూ.
ఉత్తరాన ఇంకొకటి కూడా ఉంది.
చెల్లెలు ఒతీలియా ఇల్లు. పిలిస్తే పలికేంత దూరం.
పదకొండేళ్ళుగా పిలుపు లేని దూరం.
గొడవ ఒక కంచె గురించి.
కంచె ఎప్పుడో పుచ్చిపోయింది.

"ఉత్తరానికి" అంది ఎర్మెలిందా.
"వాన లోపలికొస్తుంది."
"వస్తే తుడుచుకుంటాను."
"ఎప్పుడూ తుడుస్తూనే ఉంటావు."
"ఇన్నాళ్ళూ పొడి ఇంట్లో ఉండి ఏం చేశాను, దెల్ఫీన్?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఎద్దుల్ని తిప్పించాను.
గంట పట్టింది. దుంగ జారి నా బొటనవేలు నలిగింది,
నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను,
ఆ తర్వాత అందరూ తినడం మొదలెట్టారు.

రెండో పళ్ళెం దగ్గర ఉన్నాం.
అవతలి ఇంటి కిటికీ దభాలున తెరుచుకుంది.
పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట
వాన కంటే ముందే వచ్చి చేరింది:
"అటు పెడితే తలుపు కుళ్ళిపోతుందే, మొద్దూ!"
పళ్ళెం దించకుండానే ఎర్మెలిందా అరిచింది:
"కుళ్ళనీ!"
కిటికీ మూసుకుంది.
పూర్తిగా కాదు.

రాత్రి కుంటుకుంటూ ఇంటికొచ్చాను.
నా వాకిలి కట్టెల గుట్ట వైపు ఉంటుంది.
ముప్పై ఏళ్ళ కిందట ఎందుకలా పెట్టానో గుర్తు చేసుకున్నాను:
కట్టెలు తడవకుండా తెచ్చుకోవచ్చని.
మంచి కారణమే.
లోపలికి వెళ్ళకుండా చాలాసేపు గడప మీదే కూర్చున్నాను,
ఇరవై నాలుగో ఇల్లు ఎవరిదా అని.